ఆరు నిమిషాల ముక్క

మా ఊళ్ళో కొండ పేరు ‘లా’.
చట్టానికీ దానికీ చుట్టరికం లేదు,
పాత మాటలో గుట్టని అలాగే అనేవారట.
డండీకి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం
ఆ కొండెక్కితే న్యాయం కనిపిస్తుందనుకుంటారు.
కనిపించేది టే నది, దాని మీద రైలు వంతెన,
పొగమంచు లేని రోజున.

ఫార్కర్సన్ అండ్ లీజ్, మూడో అంతస్తు.
ఒకప్పుడు జనపనార షావుకారు గుమాస్తాలు కూర్చున్న గది.
వాన పడితే ఇప్పటికీ గోనె వాసన.
ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ లెక్కలు రాస్తున్నాను.

ఇక్కడ గంటకి పది ముక్కలు,
ముక్కకి ఆరు నిమిషాలు.
ఫోనెత్తి హలో అంటే ఒక ముక్క.
ఉత్తరం చదివితే ఒకటి,
చదివి నిట్టూరిస్తే రెండు.
దగ్గుకి ఇంకా రేటు కట్టలేదు.

ఆ ఏడు లాభం పలచబడింది,
అదే ఆకు మీద మూడోసారి నీళ్ళు పోసిన టీలా.
ఎడిన్‌బరా నుంచి సలహాదారుణ్ణి పిలిపించారు.
హేమిష్ ట్రెయిల్. చప్పుడు చెయ్యని బూట్లు.
మొదటి రోజే చిల్లు దొరికిందన్నాడు:
ఐసోబెల్ గది.

ఐసోబెల్ రట్రే, మోకాళ్ళరిగిన లాయరమ్మ.
భర్త పోయినవాళ్ళు వీలునామా పట్టుకుని వస్తారు.
కాగితం సంగతి పది నిమిషాలు,
మిగతా గంటా ఆయన పెంచిన పావురాల గురించి.
ఆమె పద్దులో రాసేది ఒక్క ముక్క.
ఒక్కోసారి అదీ కొట్టేసి, సున్నా.
ఆ సున్నాలన్నీ హేమిష్ ఎర్రగా తెరమీద వేశాడు.
గోడకి తట్టు పోసినట్టుంది.

నన్నెవరూ ఒక్క ముక్క అడగలేదు.
నాలుగో రోజు, తన కప్పు తనే కడుక్కుంటూ
అతనే అన్నాడు, "మీకేమనిపిస్తోంది, సెంగా?"
చెయ్యి తుడుచుకుని
అన్నిటికన్నా కింది అర లాగాను.

హార్బర్ కంపెనీ.
పెద్ద ఫార్కర్సన్ గారి గోల్ఫ్ జోడీ.
బిల్లు వేసిన నూట తొంభై రోజులకి డబ్బు,
అదీ పాత స్నేహం కింద ఐదో వంతు కోసుకుని.
ఈలోపు మా జీతాలకి బ్యాంకులో అప్పు,
అప్పుకి వడ్డీ.
ఆ వడ్డీ ఎంతో నెలనెలా రాసి పెట్టాను, పెన్సిలుతో.
పెన్నుతో రాసే అధికారం లేక.
కంచె ఎంత చేను మేసిందో
ఇరవై రెండేళ్ళ లెక్క, ఒక్క అరలో.

పక్కన ఇంకో పుస్తకం ఉంది:
ఎవరు పంపితే ఎవరొచ్చారో.
ఐసోబెల్ సున్నాల వెనక
కొడుకులొచ్చారు, ఇళ్ళ అమ్మకాలొచ్చాయి.
అందరూ అని అబద్ధమాడను.
చాలామంది పావురాల గురించి చెప్పి, ఏడ్చి,
గొడుగు మర్చిపోయి వెళ్ళారు. అంతే.
గొడుగులు పదకొండు, బీరువాలో ఉన్నాయి.

నివేదిక నలభై పేజీలు.
నా పెన్సిలు అంకెలు అందులో నీలం స్తంభాలై నిలబడ్డాయి.
పెరటి చెట్టు ఆకే,
ఎడిన్‌బరా సీసాలో పోసిస్తే మందయింది.
బిల్లు నెలనెలా వెళ్ళాలి, ముప్ఫై రోజుల్లో డబ్బు రావాలి,
స్నేహానికి తగ్గింపు లేదు.
పెద్దాయన రెండు వారాలు
నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.
వసంతానికి బ్యాంకు అప్పు తీరింది.
ఐసోబెల్ గదిలో మాత్రం ఎందుకైనా మంచిదని
ఒక గడియారం పెట్టారు.
ఆమె దానికి తన టోపీ తగిలించింది.

తర్వాత హేమిష్ బిల్లొచ్చింది.
పదమూడో వరస:
"అకౌంట్స్ గుమాస్తాతో సంభాషణ, ఏడు ముక్కలు."
అందులో ఆరు నావి.
అతనిది ఒక్క ప్రశ్న.

నేనేమీ అనలేదు.
కొత్త రూలు ముప్ఫై రోజులంది కదా,
ముప్ఫయ్యో రోజు దాకా ఆగాను,
సాయంత్రం ఐదుకి ఆరు నిమిషాలుందనగా
చెక్కు రాశాను.
పెన్నుతో.